కెర్నెల్ పని నేర్చుకుంటే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: బీటెక్ ఈసీఈ మూడో ఏడాది చదువుతున్నాను. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయలాంటి కెర్నెల్‌లో ఇంటరప్ట్ (పరికరాలు సీపీయూ పనిని మధ్యలో ఆపి పిలిచే సంకేతం) బగ్స్ సరిచేసే పని నేర్చుకోవాలని ఉంది. ఫ్రెండ్స్ అంతా ఫుల్‌స్టాక్ కోర్సుల్లో చేరారు. ఉద్యోగం రాదేమోనని ఇంట్లో టెన్షన్ పడుతున్నారు. ఏం చేయాలి?
– ఓ విద్యార్థి, ఖమ్మం

జవాబు: ఉద్యోగాలున్నాయి. ఫుల్‌స్టాక్ అంత విరివిగా ఉండవు, పోటీపడేవాళ్లూ తక్కువే. చిప్‌లు తయారుచేసే సంస్థలకు డ్రైవర్లు (హార్డ్‌వేర్‌ను నడిపించే ప్రోగ్రామ్‌లు) రాసేవాళ్లు కావాలి. క్వాల్‌కామ్, ఏఎండీ కేంద్రాలు హైదరాబాద్‌లోనే ఉన్నాయి. హార్డ్‌వేర్ చదువుతున్నారు కాబట్టి ఈసీఈ మీకు కలిసొస్తుంది.

ఈ పని ఎలా ఉంటుందో ఒక బగ్ చూస్తే తెలుస్తుంది. డ్రైవర్ కోడ్ ఒక స్పిన్‌లాక్ (ఒకే డేటాను ఇద్దరు ఒకేసారి మార్చకుండా ఆపే తాళం, అది దొరికేదాకా కోడ్ అక్కడే తిరుగుతూ ఎదురుచూస్తుంది) తీసుకుంది. సరిగ్గా అప్పుడే అదే సీపీయూ మీద ఇంటరప్ట్ వచ్చింది. ఇంటరప్ట్‌కు స్పందించే కోడ్, అంటే హ్యాండ్లర్‌కూ ఆ లాకే కావాలి, అందుకని అక్కడే తిరుగుతూ ఉంటుంది. లాక్ వదలాల్సిన కోడేమో హ్యాండ్లర్ ముగిస్తే గానీ కదలదు. ఆ సీపీయూ అక్కడే బిగుసుకుపోతుంది. లాక్ తీసుకునేటప్పుడే ఆ సీపీయూలో ఇంటరప్ట్‌లను ఆపే ‘స్పిన్ లాక్ ఐఆర్‌క్యూ సేవ్’ వాడితే సమస్య తీరుతుంది. మార్చేది రెండు మూడు లైన్లే. కానీ ఇలాంటి బగ్ ఎప్పుడో ఒకసారి గానీ బయటపడదు. దాన్ని వెతికి పట్టుకునే ఓపికకే కంపెనీలు జీతమిస్తాయి. కెర్నెల్‌లో లాక్‌ల వాడకంలోని తప్పులు పట్టే లాక్‌డెప్‌ను ఆన్ చేసుకుంటే సిస్టమ్ ఆగిపోకముందే హెచ్చరిస్తుంది.

ముందు సీ భాషలో పాయింటర్ల మీద పట్టు తెచ్చుకోండి. తర్వాత ఎంఐటీ వాళ్ల చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్స్‌వీ6ను క్యూఎములో (కంప్యూటర్‌ను అనుకరించే సాఫ్ట్‌వేర్) నడిపి, టైమర్ ఇంటరప్ట్ ఎక్కణ్నుంచి ఎక్కడికి వెళ్తుందో లైను లైనుగా చూడండి. ఆపై లినక్స్‌లో ఓ చిన్న మాడ్యూల్ (కెర్నెల్‌కు జతచేసే కోడ్ ముక్క) రాసి, హ్యాండ్లర్‌లో కావాలనే స్లీప్ పెట్టండి. హ్యాండ్లర్ నిద్రపోకూడదు కాబట్టి ‘షెడ్యూలింగ్ వైల్ అటామిక్’ అన్న ఎర్రర్, దాని కింద స్టాక్ ట్రేస్ (ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చూపే జాబితా) వస్తాయి. ఆ ట్రేస్ చదవడం వస్తే సగం పని వచ్చినట్టే. వర్చువల్ మెషీన్‌లోనే చేయండి, ల్యాప్‌టాప్‌లో వద్దు.

లినక్స్ ఫౌండేషన్‌లో కెర్నెల్ బగ్ ఫిక్సింగ్ మెంటార్‌షిప్ ఉంది, బిగినర్ల కోసం ఉచిత కోర్సూ ఉంది. కోర్సు ఇప్పుడే మొదలుపెట్టండి. క్యాంపస్ ప్లేస్‌మెంట్లకు కావాల్సిన కోడింగ్ ప్రాక్టీస్ మాత్రం మానొద్దు, ఇంట్లోవాళ్ల భయం సబబైనదే. మొదటి ఏడాదే అవకాశం దొరక్కపోతే గేట్ రాసి ఎంటెక్ చేయొచ్చు, లేదా కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ ఎంబెడెడ్ డిప్లొమాలో చేరొచ్చు.

రెజ్యూమెలో ‘లినక్స్ వచ్చు’ అని రాసి వదిలేయకండి. మీ ప్యాచ్ (మీరు చేసిన కోడ్ సవరణ) ఏ బగ్‌ను సరిచేసిందో, దాన్ని ఎలా పట్టుకున్నారో రెండు వాక్యాల్లో రాయండి.