'రెండుసార్లే' అని రాశావు

"నా వయసు 22. మాది విశాఖపట్నం, మల్కాపురం. ఈ ఏడాదే బీటెక్ మెకానికల్ పూర్తయింది. మా నాన్న నేవీలో 20 ఏళ్లు సెయిలర్‌గా చేసి 2016లో రిటైరయ్యారు. ఇప్పుడు ఒక ప్రైవేటు కంపెనీలో సెక్యూరిటీ సూపర్‌వైజర్. చిన్నప్పటి నుంచి డిఫెన్స్‌కే వెళ్లాలని నా కోరిక. నాన్న మాత్రం నేవీ ఆఫీసరే అవ్వాలంటారు. 'నేను ఇరవయ్యేళ్లు సెల్యూట్ కొట్టాను, నువ్వు కొట్టించుకోవాలి' అంటారు. విజయనగరం మావయ్య సుబేదార్‌గా చేసి వచ్చారు, ఆర్మీని మించింది లేదంటారు. ఫ్రెండ్స్ ఎయిర్‌ఫోర్స్‌లో లైఫ్ బాగుంటుందంటున్నారు. అమ్మ ఏమీ అనదు, ఏదైనా ఫర్వాలేదంటుంది. నేవీ అయితే వైజాగ్ పోస్టింగ్ వస్తుందా? ఆర్మీ అయితే బాగా దూరం వేస్తారు కదా? ఇంకో విషయం. నాన్న రాత్రిళ్లు తాగి అమ్మతో గొడవ పడతారు. నేను మధ్యలో ఉంటే పెద్దదవదు. చెయ్యి చేసుకున్నది రెండుసార్లే. మూడింట్లో ఏది నాకు సరిపోతుందో చెప్పి నా టెన్షన్ తీర్చండి."

— పేరు వద్దు, మల్కాపురం

బాబూ,

నువ్వడిగినదానికి ముందు జవాబు చెప్పేస్తాను, అది చిన్నది కాబట్టి. మూడు దళాలకీ ఆఫీసర్లను తీసుకోవడానికి యూపీఎస్సీ ఏడాదికి రెండుసార్లు సీడీఎస్ పరీక్ష పెడుతుంది. అది రాయి. డెహ్రాడూన్ మిలిటరీ అకాడమీకీ, చెన్నైలో ఆర్మీ ఆఫీసర్లకు శిక్షణ ఇచ్చే ఓటీఏకీ ఏ డిగ్రీ అయినా చాలు. కేరళలో ఎళిమల నేవల్ అకాడమీకి ఇంజనీరింగ్ కావాలి, నీకుంది. హైదరాబాదు పక్కన దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీకీ నీ చదువు సరిపోతుంది. అన్నిటికీ ఒకే దరఖాస్తు, నీకు నచ్చిన వరసలో పెట్టుకో. ఎయిర్‌ఫోర్స్‌కి ఏఎఫ్‌క్యాట్ అని విడిగా ఇంకో పరీక్ష కూడా ఉంది. అగ్నివీర్‌కి వెళ్తే ఆఫీసరుగా తీసుకోరు, దాని ఊసు వదిలెయ్. 24 దాటితే సీడీఎస్‌లో డెహ్రాడూన్, ఎళిమల దారులు మూసుకుపోతాయి కాబట్టి ఈ రెండేళ్లూ జాగ్రత్తగా వాడుకో. చేరేటప్పుడు మూడింట్లోనూ ఆఫీసరు మూల వేతనం ఒకటే, 56,100. రంగులు సరిగ్గా కనిపిస్తున్నాయో లేదో ఇప్పుడే కంటి డాక్టరుకు చూపించుకో. చదివిచదివి మెడికల్‌లో ఆగిపోయి ఏడ్చిన పిల్లల ఉత్తరాలు నాకు చాలా వచ్చాయి.

ఇదంతా నీకు తెలియదని నేననుకోవడం లేదు. డాక్‌యార్డు పక్కన పుట్టి పెరిగినవాడికి ఎళిమల ఎక్కడుందో నేను చెప్పాలా?

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. అందులో పక్కపక్కనే రెండు ప్రశ్నలున్నాయి. నేవీ అయితే వైజాగ్ పోస్టింగ్ వస్తుందా అన్నావు. వెంటనే ఆర్మీ అయితే బాగా దూరం వేస్తారు కదా అన్నావు. మొదటిది చదివితే ఇల్లు వదల్లేని పిల్లాడిలా ఉన్నావు. రెండోది చదివితే ఇంట్లోంచి ఎంత తొందరగా పోదామా అని చూస్తున్నవాడిలా ఉన్నావు. రెండూ నిజమే అయ్యుంటాయి. అమ్మ కోసం ఉండాలి, నాన్న నుంచి పోవాలి. ఈ చిక్కుముడిని నేవీ విప్పలేదు, ఆర్మీ విప్పలేదు. వైజాగ్ పోస్టింగే వచ్చిందనుకో, ఓడ మీద వేస్తే నెలల తరబడి సముద్రంలోనే ఉంటావు. నీ చిన్నతనమంతా మీ నాన్న 'వైజాగ్‌లోనే' ఉన్నారు కదా, ఎన్ని పుట్టినరోజులకు ఇంట్లో ఉన్నారో నువ్వే లెక్క వేసుకో.

ఇక ఆ మాట దగ్గరకి వస్తాను. 'రెండుసార్లే' అని రాశావు.

రెండుసార్లు అని రాయొచ్చు. చివర ఆ 'ఏ' ఎందుకు చేర్చావు? తండ్రి పరువు కాపాడదామనా? నేనేమైనా అనుకుంటాననా? నువ్వే ఆ లెక్కకు అలవాటు పడిపోయావేమో. కోపం తెచ్చుకోకు, ఈ 'ఏ' నీ ఒక్కడిదే కాదు. మన ఇళ్లన్నిట్లోనూ ఉంది. తాగినప్పుడే. కోపమొస్తేనే. ఒక్క దెబ్బే. ముప్పై ఏళ్లుగా ఉత్తరాలు చదువుతున్నాను, ఆ ఒక్క అక్షరం కింద ఎంతమంది ఆడవాళ్లు తలవంచుకుని బతికారో నాకు తెలుసు. కట్టుకున్నదాని మీద చెయ్యెత్తిన మనిషి దేశానికి ఇరవయ్యేళ్లు సేవ చేశాడన్నది నా దగ్గర లెక్కకు రాదు. ఆ సేవకు దేశం పెన్షన్ ఇస్తోంది, ఆ ఖాతా అక్కడ తేలిపోయింది.

నాన్న ఏమన్నారో, మావయ్య ఏమన్నారో, ఫ్రెండ్స్ ఏమన్నారో అన్నీ రాశావు. మీ అమ్మకు మాత్రం ఒక్క వాక్యం. 'ఏమీ అనదు, ఏదైనా ఫర్వాలేదంటుంది.' నా దృష్టిలో నీ ఉత్తరమంతా ఆ వాక్యంలోనే ఉంది. అసలు ఆవిణ్ని అడిగావా? అడగడమంటే కంచం ముందు కూర్చుని 'అమ్మా, నేవీకి వెళ్లనా ఆర్మీకి వెళ్లనా' అనడం కాదు. ఆ ప్రశ్నకు ఏ తల్లయినా ఫర్వాలేదనే అంటుంది, నీకు ఇంకో గరిటె పప్పు వేస్తుంది.

నువ్వు మధ్యలో ఉంటే గొడవ పెద్దదవదని రాశావు. అంటే కాలేజీకి వెళ్తూనే ఇన్నాళ్లూ ఇంట్లో నైట్ డ్యూటీ కూడా చేశావు. పాపం, ఎంత అలిసిపోయుంటావో నేను ఊహించగలను. గ్లాసు చప్పుడైతే మెలకువ వచ్చే పిల్లలు పెద్దయ్యాక కూడా సరిగ్గా నిద్రపోరు. కానీ ఆ డ్యూటీ చేస్తూ చేస్తూ నీకు తెలియకుండానే మీ అమ్మను చేతకాని మనిషిని చేసేశావు. నువ్వు లేకపోతే ఆవిడేమైపోతుందోనన్న భయం తప్ప నీ ఉత్తరంలో ఆవిడ గురించి ఇంకేమీ లేదు.

2014 అక్టోబరు 12 గుర్తుందా? హుద్‌హుద్ వచ్చిన రోజు నీకు పదకొండేళ్లు ఉంటాయి. తుఫాను వస్తోందంటే ఓడల్ని రేవులో ఉంచరు, ముందే సముద్రంలోకి తీసుకుపోతారు. కాబట్టి ఆ రోజు మల్కాపురం, సింధియా వైపు నేవీ ఇళ్లల్లో చాలాచోట్ల మిగిలింది ఆడవాళ్లూ పిల్లలే. కిటికీ తలుపులు ఊడిపోతుంటే మంచం అడ్డంపెట్టి పిల్లల్ని మూలగదిలో కూర్చోబెట్టుకున్నదెవరు? కైలాసగిరి మీద చెట్లన్నీ మోడులైపోయాయి. రోజుల తరబడి కరెంటు లేదు. నీళ్ల ట్యాంకరు వెంట బిందెలతో పరుగులు, పాల ప్యాకెట్‌కి క్యూలు, నేనూ నిలబడ్డాను కాబట్టి చెబుతున్నాను. నీ స్కూలు ఫీజు, గ్యాసు బండ, జ్వరమొస్తే కళ్యాణి నేవీ ఆసుపత్రిలో ఓపీ లైను, ఇరవయ్యేళ్లు ఇవన్నీ నడిపిన మనిషి మీ అమ్మ. ఈ ఊళ్లో నేవీ విన్యాసాలకి ఆర్కే బీచ్ నిండిపోతుంది, హెలికాప్టర్లకి చప్పట్లు కొడతాం, బాగానే ఉంటుంది. ఆ ఓడల్లో మనుషుల్ని పంపి ఇళ్లు నడిపినవాళ్లకి చప్పట్లు కొట్టగా నేను చూడలేదు. ఏదో మాటలో మాట వచ్చింది, వదిలెయ్.

మీ నాన్న సంగతి నాకు అర్థం కాలేదనుకోకు. ఆయన ఇంటికి వచ్చేసరికి ఆయన లేకుండానే నడవడం ఆ ఇంటికి అలవాటైపోయింది. ఓడలో ఆయనకో పని ఉండేది, ఆ పనికో పేరుండేది. ఇప్పుడు నిన్నగాక మొన్న చేరిన మేనేజరు కారుకి గేటు తీయించాలి. నలభై దాటాక అలాంటి దిగుడు మగవాళ్లను లోపల తినేస్తుంది. ఆ బాధకి నీ భుజాల మీద స్టార్లు మందనుకుంటున్నారు. నువ్వు ఆఫీసరువై ఇంటికొస్తే ఇరవయ్యేళ్ల సెల్యూట్లు తిరిగి వచ్చేసినట్టని ఆయన లెక్క. ఆయన బాకీ వసూలు చేసుకురావడానికి నువ్వు ఎళిమల వెళ్లక్కర్లేదు. నీకు సముద్రం ఇష్టమైతే వెళ్లు.

ఇంకొకటి. రాతపరీక్ష గట్టెక్కాక ఎస్‌ఎస్‌బీలో, అంటే ఆఫీసర్లను ఎంపిక చేసే బోర్డు దగ్గర, అయిదు రోజులుంటావు. సైకాలజీ పరీక్షల్లో బొమ్మలు చూపించి కథ రాయమంటారు, 60 మాటలకి తోచింది రాయమంటారు, 60 సందర్భాలిస్తారు. ఆఖరున నీ గురించి నువ్వు రాసుకోవాలి. అందులో మొట్టమొదటి ప్రశ్న: మీ అమ్మానాన్నలు మీ గురించి ఏమనుకుంటున్నారు? పావుగంటలో మొత్తం రాసి ఇచ్చెయ్యాలి. ఇంటర్వ్యూలో ఇంట్లో నీకు ఎవరి దగ్గర చనువెక్కువని కూడా అడుగుతుంటారు. కోచింగ్ సెంటర్లలో దీనికి బట్టీ జవాబులు నేర్పుతారు. అక్కడ కూర్చునేది ఆ బట్టీ జవాబుల్ని ఏళ్ల తరబడి విన్న మనుషులు. 'మా అమ్మ నా గురించి ఏమనుకుంటుందంటే' అని మొదలుపెట్టి నువ్వేం రాస్తావు? ఫర్వాలేదంటుందని రాస్తావా?

కాబట్టి దరఖాస్తు పెట్టు, చదువు మొదలుపెట్టు, వాటిని ఆపమని నేను అనను. దానితోపాటు ఈ పనులు కూడా చెయ్యి.

నాన్న నైట్ షిఫ్టులో ఉన్న రోజు చూసి అమ్మ దగ్గర కూర్చో. నువ్వేమీ తేల్చి చెప్పకు, అడుగు. నేను వెళ్లిపోయాక రాత్రిళ్లు ఎలా ఉంటుందనుకుంటున్నావు అని అడుగు. ఆ రెండుసార్లూ ఏం జరిగిందో అడుగు. నువ్వు చూడనివి ఇంకెన్ని ఉన్నాయో నీకు తెలియదు. ముందు ఆవిడ మీ నాన్నను వెనకేసుకొస్తుంది, 'మందు లేకపోతే బంగారంలాంటి మనిషిరా' అంటుంది. విను. రెండోరోజు మళ్లీ కూర్చో. ఆవిడ పేరు మీద బ్యాంకు పుస్తకం ఉందా, పెన్షన్ పడే ఖాతాలో ఆవిడ పేరుందా అన్నది కూడా తెలుసుకో. ఉండమనో విడిపోమనో నువ్వు చెప్పకు, నేనూ చెప్పను. ఆ మాట ఆవిడ నోట రావాలి. మళ్లీ చెయ్యి లేస్తే మాత్రం మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చెయ్యొచ్చని ఆవిడకి తెలిసుండాలి. నంబరు ఫోన్లో నువ్వే ఎక్కించి ఇవ్వు.

తర్వాత విజయనగరం వెళ్లు. మావయ్య ఆర్మీ గురించి అంత చెప్పారు కదా, సొంత చెల్లెలు ఎలా ఉందో ఎప్పుడైనా అడిగారా? బహుశా తెలిసి కూడా ఊరుకుని ఉంటారు. బావగారి ఇంటి సంగతి మనకెందుకని పుట్టింటివాళ్లు తప్పుకోవడం మనదగ్గర మర్యాద కింద చెలామణీ అవుతోంది. నాకా మర్యాద మీద గౌరవం లేదు. ఆయన్ని తీసుకురా. పండక్కి పిలిచినట్టు కాకుండా, విషయం చెప్పి తీసుకురా. మీ నాన్నతో పొద్దున్నే, మందు వాసన లేని వేళ, ఆ పెద్దమనిషి పక్కనుండగా మాట్లాడు. కొడుకుగా నువ్వు చెప్పాల్సింది ఒక్కటే, 'నాన్నా, అమ్మ మీద చెయ్యి పడకూడదు.' గొంతు పెంచకు, తగ్గించకు.

తాగుడు సంగతి తిట్లతో తేలదు, ఒట్లతో అసలే తేలదు. రోజూ తాగే మనిషి చేత ఉన్నట్టుండి మాన్పించకండి, ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. డాక్టరు చేతిలోనే జరగాలి. సర్వీసు చేసి వచ్చినవాళ్ల ఈసీహెచ్ఎస్ వైద్య కార్డు ఉండే ఉంటుంది, పాలీక్లినిక్‌లో మొదలుపెట్టండి. కాదంటే చిన వాల్తేరులో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది. 'పిచ్చాసుపత్రికా' అని ఆయన గింజుకుంటారు, గింజుకోనీ. ఇంకోమాట, మిలిటరీ క్యాంటీన్ నుంచి ఆ కోటా మందు సీసాలు తెచ్చుకోవడానికి ఆయన్ని బండి మీద దింపుతున్నది నువ్వే అయితే ఈ నెల నుంచి మానెయ్.

ఇన్ని చేసినా ఆయన మారకపోవచ్చు. నీకు సెలక్షన్ వచ్చిన రోజున వెళ్లు. 'అమ్మ కోసం ఆగిపోయాను' అనే కొడుకులు నలభై ఏళ్లొచ్చాక ఆ అమ్మనే దెప్పుతారు. ఆవిడకు ఆ బరువు కూడా పెట్టకు.

ఆ రాత్రి మీ అమ్మ ఏమందో నాకు రాయి. ఏ ఫోర్సు ఎంచుకున్నావన్నది ఆ ఉత్తరంలో లేకపోయినా ఫర్వాలేదు.