నీ కథలో అసలు మనిషి స్టేషన్ రైటర్

చి. అమ్మాయికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన నవలిక అందింది. మొదటిసారి ఏకబిగిన చదివేశాను, రెండోసారి పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను. ఇసుక లారీలు పట్టుకున్నందుకు ఒక ఎస్‌ఐని పై అధికారి లంచం కేసులో ఇరికించడం, తోటి పోలీసు ఒకడు అతనికి అండగా నిలబడి ఆ డీఎస్పీ బండారం బయటపెట్టడం. మంచి కథ పట్టుకున్నావు. మీ నాన్నగారు ఏఎస్‌ఐగా రిటైరయ్యారని రాశావు కాబట్టి, ఇది నీ దగ్గరికి ఎక్కడి నుంచి వచ్చిందో కొంత ఊహించగలను.

ముందు బాగున్నది చెబుతాను. సస్పెన్షన్ ఆర్డర్ వచ్చిన సాయంత్రం ఎస్‌ఐ భార్య ఇస్త్రీ బట్టలు తెచ్చుకోవడానికి వెళ్తుంది. ఇస్త్రీ అతను ఖాకీ జతను విడిగా పాత పేపర్లో చుట్టి చేతికిచ్చి, "డబ్బులు తర్వాత చూద్దాంలేమ్మా" అంటాడు. ఊరంతా తెలిసిపోయిందని ఆమెకు అప్పుడు అర్థమవుతుంది. ఆ పేజీ దగ్గర కాగితాలు పక్కన పెట్టి కాసేపు అరుగు మీద కూర్చున్నాను. ఆ చేత్తోనే తొమ్మిదో అధ్యాయం కూడా రాశావంటే నమ్మబుద్ధి కాలేదు. స్నేహితుడు అర్ధరాత్రి గోడ దూకి డీఎస్పీ ఇంట్లోంచి పెన్‌డ్రైవ్ ఎత్తుకొస్తాడు, తెల్లారేసరికి అది టీవీలో వస్తుంది, మధ్యాహ్నానికి డీఎస్పీ చేతికి బేడీలు. ఆ అధ్యాయం తీసేయమ్మా. మొత్తం తీసేయ్.

మా వీధిలో ఒక రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్ ఉండేవాడు. సర్వీసులో సగం రికార్డులు రాసే స్టేషన్ రైటర్‌గానే గడిచింది. సాయంత్రం పూట మా అరుగు మీదికి వచ్చి కూర్చునేవాడు. ఒకసారి అన్నాడు, "జీడీలో ఒక్క లైను ఖాళీ వదిలినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టేది కాదండీ." ఎందుకని అడిగాను. ఖాళీ ఉంటే రేపు ఎవరైనా అందులో ఏదైనా రాయగలరట. స్టేషన్‌లో ఎవరు ఏ టైముకి బయటికి వెళ్లారు, ఎక్కడికి వెళ్లారు, ఎప్పుడు తిరిగొచ్చారు, సెంట్రీ ఎవరు, ఏ లారీ వచ్చింది, అన్నీ ఆ జనరల్ డైరీలో వరస నంబరుతో పడాలి. ఇప్పుడు చాలావరకు కంప్యూటర్‌లోకి మారింది కానీ, ఆ భయం మారలేదు.

నీ కథలో సాయం చేసే మనిషి బ్యాచ్‌మేట్ ఎస్‌ఐ. వయసులో ఉన్నవాడు, జిమ్ బాడీ, బుల్లెట్ బండి. అతన్ని పక్కన పెట్టి, ఆ చోటు స్టేషన్ రైటర్‌కి ఇచ్చి చూడు. యాభై దాటిన హెడ్డు. కూతురి పెళ్లి కుదిరింది. పీఎఫ్ లోన్ అప్లికేషన్ డీఎస్పీ ఆఫీసు మీదుగానే వెళ్లాలి. ఎస్‌ఐ ఫలానా రోజు ఉదయం 11 గంటలకు స్టేషన్‌లో తన గదిలో కూర్చుని డబ్బు అడిగాడని ఫిర్యాదులో ఉంది. జీడీలో మాత్రం అదే రోజు 10.20కి ఎస్‌ఐ జాతర బందోబస్తుకి బయల్దేరినట్టు ఈ హెడ్డు స్వదస్తూరీతో రాసిన ఎంట్రీ ఉంది. ఆ పేజీ "తిరగరాయాలి" అని సీఐ ద్వారా కబురొస్తుంది. ఎవరూ బెదిరించరు. టీ తెప్పించి, పెళ్లి పనులు ఎక్కడిదాకా వచ్చాయని అడిగి, ఆ తర్వాత చెబుతారు. అతని చేతిలో పెన్ను ఉంది, ముందు ఆ పేజీ ఉంది. నీ నవలిక మొత్తం ఆ గదిలో ఉందని నా నమ్మకం.

ఇక ట్రాప్ సంగతి, అంటే లంచం తీసుకుంటుండగా అవినీతి నిరోధక శాఖ (ఏసీబీ) వలపన్ని పట్టుకోవడం. నువ్వు రెండు వాక్యాల్లో దాటేశావు. అది దాటేసే చోటు కాదు. నోట్ల నంబర్లు మధ్యవర్తుల ముందు రాసుకుంటారు, వాటికి ఫినాఫ్తలీన్ పౌడర్ పూస్తారు. అడిగితేనే ఇవ్వమని ఫిర్యాదుదారుకి చెప్పి పంపుతారు. సైగ రాగానే లోపలికి వెళ్లి, గాజు గ్లాసులో సోడియం కార్బొనేట్ కలిపిన నీళ్లు పెట్టి, అధికారిని వేళ్లు ముంచమంటారు. అప్పటిదాకా తేటగా ఉన్న నీళ్లు గులాబీ రంగుకి తిరుగుతాయి. వాటిని సీసాలో పోసి, మూత బిగించి, సీలు వేసి, చీటీ మీద అందరిచేతా సంతకాలు పెట్టిస్తారు. ఆ పౌడర్ అంటిన చేత్తో ఎవరైనా కరచాలనం చేసినా వేళ్లకు అంటుతుంది, కవరు బల్ల మీద పెట్టి వెళ్లినవాణ్ని పిలిచి "ఇదేంటయ్యా, తీసుకో" అని తిరిగి ఇవ్వబోయినా అంటుతుంది. ఈ సంగతి ఇప్పుడు నీకు తెలుసు. ఆ గదిలో గోడకు ఆనుకుని నిలబడ్డ నీ హెడ్డుకి ఆ క్షణాన తెలియదు. అతను తన కళ్లతో చూసింది నీళ్లు రంగు మారడం.

అందుకే అతనికి అనుమానం రానివ్వు. నీ కథలోని స్నేహితుడు మొదటి పేజీ నుంచీ "మావాడు నిప్పు" అంటూనే ఉన్నాడు, అక్కడే అతను బొమ్మ అయిపోయాడు. తోటి మనిషి మీద నింద పడ్డప్పుడు మనలో చాలామందికి మొదట వచ్చే ఆలోచన "ఏమో, తీసుకునే ఉంటాడేమో" అని. ఇంట్లో కష్టాలున్నాయి, మొన్నే పిల్లాణ్ని కార్పొరేట్ కాలేజీలో చేర్చాడు, ఏమో. ఆ "ఏమో"తో హెడ్డు ఇంటికెళ్లి అన్నం ముందు కూర్చోవాలి. నాలుగైదు రోజులు ఎస్‌ఐ ఫోన్ చేసినా ఎత్తకూడదు. ఆ తర్వాత ఎప్పుడో, వేరే పని మీద జీడీ తిరగేస్తుంటే, తను రాసిన 10.20 తన కంటపడాలి.

ఏసీబీ వాళ్లను విలన్లను చేయకు. వాళ్లకు ఫిర్యాదు వచ్చింది, వాళ్ల పద్ధతి ప్రకారం వాళ్లు చేశారు. ఫిర్యాదుదారుని పంపింది ఎవరన్నదే కథ. చేతులు గులాబీ రంగైనంత మాత్రాన కేసు నిలవదని కూడా నువ్వు తెలుసుకోవాలి. మన ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లిన ఒక కేసులో, 1995లో రేషన్ డీలరు దగ్గర 250 రూపాయలు అడిగారన్న ఆరోపణ మీద, డబ్బు దొరకడం ఒక్కటే చాలదు, అడిగినట్టు రుజువు కావాలని సుప్రీంకోర్టు 2014లో తేల్చి శిక్ష రద్దు చేసింది. 250 రూపాయలు, పందొమ్మిదేళ్లు. ఆ రెండు అంకెల మధ్య ఒక కుటుంబం ఎలా బతికి ఉంటుందో ఊహించుకుని రాయి. 2022 డిసెంబరులో రాజ్యాంగ ధర్మాసనం ఇంకో మాట కూడా చెప్పింది. ఫిర్యాదుదారు చనిపోయినా, ఎదురు తిరిగినా, మిగతా సాక్ష్యాలతో, పరిస్థితులతో ఆ అడగడాన్ని రుజువు చేయవచ్చని. అంటే నీ ఎస్‌ఐకి "ఫిర్యాదుదారు మాట మార్చేశాడు, అయిపోయింది" అన్న సులువైన ముగింపు దొరకదు.

కథ ఏ సంవత్సరంలో జరుగుతోందో కూడా నిర్ణయించుకో. 2020 డిసెంబరు తర్వాతైతే, పోలీస్ స్టేషన్లలో సీసీ కెమెరాలు ఉండాలని, రికార్డింగు ఏడాదికి తక్కువ కాకుండా దాచాలని సుప్రీంకోర్టు ఆదేశం ఉంది కదా, ఆ రోజు ఫుటేజీ ఏమైందని చదివేవాళ్లు అడుగుతారు. ఆ కెమెరా పనిచేయకపోతే, ఎప్పటి నుంచి పనిచేయడం లేదో కూడా హెడ్డుకే తెలియాలి. 2024 జులై 1 దాటితే సీఆర్‌పీసీ అని రాయకు, చట్టం పేరే మారింది. అవినీతి నిరోధక చట్టానికి 2018లో వచ్చిన సవరణ ఒకటి నీ కథకు బాగా పనికొస్తుంది. లంచం తీసుకుంటుండగా అక్కడికక్కడ పట్టుకోవడానికి ముందస్తు అనుమతి అక్కర్లేదు. కానీ ఒక అధికారి హోదాలో తీసుకున్న నిర్ణయం మీద విచారణ మొదలుపెట్టాలంటేనే ప్రభుత్వ అనుమతి కావాలి. నీ ఎస్‌ఐ పావుగంటలో నిందితుడైపోతాడు. లారీలు వదిలేయమని ఆర్డర్లిచ్చిన డీఎస్పీ మీద ఫైలు మాత్రం అనుమతి కోసం బల్ల నుంచి బల్లకు తిరుగుతూ ఉంటుంది. నాకు కోపం తెప్పించేది ఇదే. నీకూ తెప్పించాలి, కానీ ఆ కోపాన్ని డైలాగులో పెట్టకు. ఫైలు ఏ బల్ల మీద ఎన్నాళ్లు ఉందో తేదీలతో రాయి.

సస్పెన్షన్‌లో ఉన్న మనిషి బతుకు కూడా నువ్వు సరిగా చూడలేదు. మొదట్లో సగం జీతం లెక్కన జీవనభృతి వస్తుంది. అది చేతికి రావాలంటే వేరే ఉద్యోగం, వ్యాపారం ఏదీ చేయడం లేదని సర్టిఫికెట్ రాసివ్వాలి. పర్మిషన్ లేకుండా హెడ్‌క్వార్టర్ దాటకూడదు. తల్లికి ఒంట్లో బాగాలేక ఊరెళ్లాలన్నా ఇన్నాళ్లూ తను సెల్యూట్ కొట్టించుకున్న ఆఫీసులో అర్జీ పెట్టుకోవాలి. ఆ అర్జీ తీసుకునే క్లర్కు కుర్చీ చూపిస్తాడా లేదా? అక్కడ ఆగి ఒక పేజీ రాయి.

ఇలాంటిది నిజంగా జరుగుతుందా అని నీకు సందేహం వస్తే, ఐర్లండ్‌లో జరిగిన సంగతి చెబుతాను. కావన్ కౌంటీలో మారిస్ మెక్‌కేబ్ అనే సార్జెంట్ ఉండేవాడు. తోటి పోలీసుల పనితీరులో లోపాల మీద ఫిర్యాదు చేశాడు. తర్వాత, వాహనదారుల మీద పడిన పెనాల్టీ పాయింట్లను పై స్థాయి అధికారులు ఇష్టమొచ్చినట్టు కొట్టేస్తున్నారని బయటపెట్టాడు. 2014 జనవరిలో పోలీసు కమిషనర్ పార్లమెంటరీ కమిటీ ముందు కూర్చుని, ఇలా బయటపెట్టడం అసహ్యకరమన్నాడు. రెండు నెలలకు కమిషనర్, మే నెలలో న్యాయశాఖ మంత్రి పదవులు వదులుకోవాల్సి వచ్చింది. కానీ కథ అక్కడ లేదు. మెక్‌కేబ్ మీద అంతకుముందు ఒక ఆరోపణ ఉండేది, ప్రాసిక్యూటర్లు అందులో కేసే లేదని ఎప్పుడో తేల్చేశారు. 2013లో ఒక కౌన్సెలర్ రిపోర్టు తయారుచేస్తుంటే, వేరే మనిషి ఫైలులోని మాటలు పొరపాటున ఈయన పేరు కింద ఉండిపోయాయి. ఘోరమైన నేరం ఒకటి ఆ కాగితం మీద ఆయన పేరున చేరింది. అది ఆఫీసు నుంచి ఆఫీసుకు తిరిగింది. ఆయన కంటపడేసరికి రెండేళ్లు దాటిపోయాయి. కమిషనర్ స్వయంగా ఆయన మీద దుష్ప్రచారం నడిపాడని 2018 అక్టోబరులో న్యాయవిచారణ ట్రిబ్యునల్ తేల్చింది.

మెక్‌కేబ్‌కి తోడు నిలిచిన పోలీసు ఒకడున్నాడు, జాన్ విల్సన్. ఆయన ఇంటి తలుపుకి ఎవరో చచ్చిన ఎలుకను కట్టి వెళ్లారు. ఉద్యోగం ముందుగానే వదిలేసుకున్నాడు. తెల్లారి తలుపు తీసినప్పుడు ఇంట్లో ఎవరెవరు లేచి ఉన్నారో, ఆ ఎలుకను ఎవరు విప్పి పారేశారో నాకు తెలియాలనిపిస్తుంది. నీ హెడ్డు ఇంటి గుమ్మం ముందు కూడా ఏదో ఒకటి జరగాలి. అంత పెద్దదే అక్కర్లేదు. కూతురి పెళ్లి కార్డులు పట్టుకుని క్వార్టర్స్‌లో ఇంటింటికీ వెళ్తే, తలుపు తీసి కార్డు అందుకుని, "తప్పకుండా వస్తాం అన్నా" అన్నవాళ్లు పెళ్లికి రాకపోవడం చాలు.

డీఎస్పీ గురించి ఒక్క మాట. అతనికి మీసం, గాగుల్స్, వెకిలి నవ్వు పెట్టావు, అవన్నీ తీసేయ్. నీ హెడ్డు తమ్ముడికి గుండెనొప్పి వస్తే రాత్రికి రాత్రి పెద్దాసుపత్రిలో బెడ్ ఇప్పించింది ఆ డీఎస్పీనే అయి ఉండాలి. అప్పుడు ఆ జీడీ పేజీ తిరగరాయకుండా ఉండటం ఎంత కష్టమో చదివేవాళ్లకు తెలుస్తుంది.

భాష కూడా చూసుకో. నీ పోలీసులు పేపర్లో ఎడిటోరియల్ రాస్తున్నట్టు మాట్లాడుతున్నారు. "నన్ను వీఆర్‌లో పెట్టారు," "మెమో ఇచ్చారు," "సీడీ రాయాలి," ఇలా మాట్లాడతారు వాళ్లు (వీఆర్ అంటే పోస్టింగ్ లేకుండా ఉంచడం, సీడీ అంటే కేసు డైరీ). మీ ఇంట్లోనే విన్నావు కదా ఇవన్నీ.

చివరగా, అడగడానికి కొంచెం ఇబ్బందిగా ఉన్నా అడుగుతున్నాను. ఈ కథ మీ నాన్నగారి స్టేషన్‌లో జరిగిందేనా? అయితే ఆయన ఏ పక్కన నిలబడ్డారో నీకు తెలుసా? తెలియదనే నాకనిపిస్తోంది, ఎందుకంటే నీ కథలో మిగతా పోలీసులు ఎవరికీ ముఖాలు లేవు. ఆయన్ని కూర్చోబెట్టి "ఆ కేసు గురించి చెప్పు నాన్నా" అని అడగకు, చెప్పరు. ఆ రోజు సెంట్రీ ఎవరు, టీ ఎక్కడి నుంచి వచ్చేది, రైటర్ బల్ల కిటికీ పక్కన ఉండేదా గోడ పక్కనా అని అడుగు. బల్ల దగ్గరికి వచ్చాక మిగతాది ఆయనే చెబుతారు. ఆయన ఏం చేసి ఉన్నా, ఏం చేయలేకపోయి ఉన్నా, నువ్వు తీర్పు చెప్పకుండా విను. అచ్చు వేసే ముందు ఆ ఎస్‌ఐ కుటుంబానికి కూడా ఒక మాట చెప్పి, వాళ్లు గుర్తుపట్టే వివరాలు మార్చు. ఒకసారి వాళ్లు కాగితాల వల్లే నలిగిపోయారు.

తొమ్మిదో అధ్యాయం కొత్తగా రాశాక పంపు. టైపు చేయకపోయినా పర్వాలేదు, చేతిరాతైనా చదువుతాను. నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు.

నీ క్షేమం కోరే,
మాస్టారు