మేనత్తకు మారిషస్ ఒక్క రోజులో చూపించాలంటే

సందేహం: మాది విజయవాడ, సత్యనారాయణపురం. ఉద్యోగం మీద కొత్తగా పోర్ట్ లూయిస్ వచ్చాను. జూలైలో మా మేనత్త వస్తున్నారు. అరవై దాటాయి, మోకాళ్ళ నొప్పులు. నాకు సెలవు దొరికేది ఒక్క శనివారమే. ద్వీపమంతా తిప్పగలనా?

జవాబు: తిప్పలేరు, ఆ ఆలోచన పెట్టుకోకండి. ఈ చివర నుంచి ఆ చివరకు 65 కిలోమీటర్లే కదా అనిపిస్తుంది గానీ దారులు ఊళ్ళ మధ్య నుంచి, కొండ మలుపుల మీదుగా పోతాయి. ఉత్తరాన పాంప్లెమూస్ తోట, తూర్పున పడవెక్కి దీవి, దక్షిణాన జలపాతం అన్నీ ఒకే రోజు పెట్టుకుంటే పెద్దావిడకు మిగిలేది నడుంనొప్పే. నేను గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాణ్ణి. మావాళ్ళు ఎవరొచ్చినా నైరుతి వైపు మాత్రమే తీసుకెళ్తాను.

రోజంతటికీ టాక్సీ మాట్లాడుకోండి. ఆగే చోట్లు, వెయిటింగ్ అన్నీ కలిపి రేటు ముందే తేల్చుకోండి. బస్సులు బాగానే ఉంటాయి కానీ సాయంత్రం తొందరగా ఆగిపోతాయి. పెద్దవాళ్ళతో ఆ రిస్కు వద్దు.

పొద్దున్నే గంగా తలావ్‌కు వెళ్ళండి. అగ్నిపర్వత బిలంలో నిలిచిన సరస్సు అది, సుమారు 550 మీటర్ల ఎత్తున ఉంది. 33 మీటర్ల శివుడి విగ్రహం దూరం నుంచే కనిపిస్తుంది. అక్కడే దుర్గమ్మ కూడా ఉంది. ఇంద్రకీలాద్రి అమ్మవారిని చూస్తూ పెరిగిన మనిషి ఆ విగ్రహం ముందు ఎంతసేపు నిలబడితే అంతసేపు నిలబడనివ్వండి, గడియారం చూడకండి. జూలై అక్కడ చలికాలం. బెజవాడ ఎండలకు అలవాటైన ఒంటికి ఆ కొండగాలి చాలా ఇబ్బంది. శాలువా, మేజోళ్ళు తప్పకుండా ఉండాలి. మబ్బు కమ్మితే ఏమీ కనపడదు, అందుకే పొద్దున్నే అంటున్నాను. అరటిపళ్ళ సంచి చేతిలో ఊపుకుంటూ నడవకండి, కోతులు లాక్కుపోతాయి.

అక్కణ్ణుంచి షామరెల్. ఏడు రంగుల మట్టిని కంచె ఇవతల నుంచే చూడాలి, జలపాతం కూడా ఎక్కువ నడవకుండానే కనిపిస్తుంది. చాలా చోట్ల స్థానికులకు టికెట్ ధర వేరు, మీ పర్మిట్ కార్డు జేబులో ఉంచుకోండి.

తిండి విషయంలో కంగారు అక్కర్లేదు. మా అత్తగారు మొదటిసారి ఢాల్ పూరీ తిని, బెల్లం వేయని బొబ్బట్టులా ఉందన్నారు. సరిగ్గా అంతే. పల్చటి రొట్టెలో ఉడికించి పొడి చేసిన పప్పు కూరుతారు. అమ్మేవాడు రెండు రొట్టెలు తీసి బీన్స్ కూర, టమాటా రుగాయ్ అనే గుజ్జు కూర రాసి, మిరపకాయ ముద్ద తగిలించి, కాగితంలో చుట్టి ఇస్తాడు. మనకు ఆ ముద్ద ఇంకాస్త వేయమనండి.

సాయంత్రం పడమటి ఒడ్డున ఫ్లిక్ ఆన్ ఫ్లాక్. జూలైలో ఆరు కాకముందే సూర్యాస్తమయం, కాబట్టి ఐదింటికల్లా చేరాలి. పగడపు దిబ్బలు అడ్డు ఉన్నచోట అలలు చిన్నవే. కానీ నీళ్ళలో పగడపు ముక్కలు గుచ్చుకుంటాయి, రాయిలా కనిపించే రాతిచేప విషపు ముల్లు మరీ ప్రమాదం. రబ్బరు బూట్లు లేకుండా దిగనివ్వకండి.

ఊరి నుంచి గోంగూర పచ్చడి, కారప్పొడి తెప్పించుకోవాలని ఉంటుంది. బాగా ప్యాక్ చేయించి, విమానాశ్రయంలో దాచకుండా చెప్పమనండి. కరివేపాకు మొక్క, విత్తనాలు మాత్రం అనుమతి లేకుండా వద్దే వద్దు.

ఇంకొక్క మాట, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. మీ ఆఫీసుకు దగ్గర్లోనే ఆప్రవాసీ ఘాట్ ఉంది, వలస కూలీలు దిగిన పాత రేవు. వారం మధ్యలో ఒక గంట పర్మిషన్ పెట్టి అత్తయ్యను అక్కడికి తీసుకెళ్ళండి. 1834 నుంచి చెరుకు తోటల్లో పనికి ఒప్పందం మీద లక్షలమంది ఈ ద్వీపానికి వచ్చారు. ఓడ దిగినవాళ్ళు ఎక్కిన ఆ మెట్లు ఇంకా ఉన్నాయి. ఆ ఘాట్‌ను 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. కాకినాడ దగ్గరి మన కోరంగి రేవు నుంచి ఓడెక్కినవాళ్ళూ ఆ వచ్చినవాళ్ళలో ఉన్నారు. వాళ్ళ మునిమనవలు ఇప్పుడు ఇంట్లో ఇక్కడి వాడుక భాష క్రియోల్ మాట్లాడుతూనే రామభజనంలో తెలుగు పాటలు పాడతారు. ఉగాది ఇక్కడ దేశమంతటికీ సెలవు. వాళ్ళకు తెలుగు రాదని మనవాళ్ళు కొందరు చులకనగా మాట్లాడటం విన్నాను. అది చాలా తప్పు. ఆ పాటలను ఇన్ని తరాలు నిలబెట్టుకున్నారు. మీ వీధి చివర తెలుగు గుడి ఉంటే భజన ఏ రోజో ముందే కనుక్కుని, అత్తయ్య తిరుగు టికెట్ ఆ రోజు దాటాక ఉండేట్టు తీయించండి.