వారానికి రెండుసార్లు కడుతున్నా లేట్ ఫీజు ఎందుకు పడింది?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ జిల్లా గునుపూర్. టైలరింగ్ షాపు నడుపుతున్నాను. ఒక ప్రైవేటు బ్యాంకు క్రెడిట్ కార్డు మీద 68,400 బాకీ ఉంది. ఒకేసారి కట్టే స్తోమత లేక సోమవారం, శుక్రవారం 500 చొప్పున ఫోన్లో కడుతున్నాను. నెలకు 4,000 దాకా వెళ్తోంది. స్టేట్‌మెంటు 12న వస్తుంది, గడువు తర్వాతి నెల 1వ తేదీ. మినిమం 3,420 అని ఉంది. అంతకన్నా ఎక్కువే కట్టినా లేట్ ఫీజు 1,100 వేసి, దానిమీద జీఎస్టీ కూడా వేశారు. వడ్డీ నెలకు మూడున్నర శాతమట. ఇంత వడ్డీ చట్టం ఒప్పుకుంటుందా? రికవరీ మనిషి రాత్రి ఎనిమిదిన్నరకు షాపుకొచ్చి పోలీసు కేసు అవుతుందని బెదిరించాడు. చెన్నై లాయరు పేరుతో నోటీసు కూడా వచ్చింది. ఇది కాక, మా ఆయన పేరున వేరే బ్యాంకు పాత కార్డు ఉంది. 2020 నవంబరు తర్వాత దానికి పైసా కట్టలేదు. ‘500 వేసి ఈ కాగితం మీద సంతకం పెడితే చాలు’ అంటున్నారు. పెట్టవచ్చా?

జవాబు: మీరు కొద్దికొద్దిగా కట్టడంలో తప్పేమీ లేదు, చట్టం అడ్డుచెప్పదు. తేడా వచ్చిందల్లా తేదీల దగ్గరే. మినిమం కింద లెక్కకొచ్చేది నెలలో ఎప్పుడైనా కట్టిన డబ్బు కాదు. స్టేట్‌మెంటు వచ్చిన తర్వాత, గడువు తేదీ లోపల జమ అయిన డబ్బు మాత్రమే. మీ వరస ప్రకారం 13 నుంచి 1వ తేదీ దాకా పడినవి అయిదు వాయిదాలు, అంటే 2,500. మిగతా మూడు, అంటే 1,500, 2వ తేదీ నుంచి 12 లోపు పడ్డాయి. అవి బాకీని తగ్గించాయి గానీ, గడువు దాటిపోయిన మినిమం ఖాతాలోకి సకాలంలో రాలేదు. 920 తక్కువైంది. కాబట్టి ఫీజు వేయడం వరకు బ్యాంకుది తప్పనలేం.

దెబ్బ ఎంత తగిలిందో చూడండి. 68,400 మీద నెలకు మూడున్నర శాతమంటే వడ్డీ 2,394. దానిమీద 18 శాతం జీఎస్టీ కలిపితే 2,825. మీరు ముందే కొంత కొంత కట్టినందుకు ఇందులో 80 రూపాయల దాకా తగ్గుతుంది. 4,000 కడితే అసలులో 1,200 పైచిలుకు తగ్గాలి. లేట్ ఫీజు జీఎస్టీతో 1,298 పడింది. నెలంతా కట్టాక బాకీ తగ్గకపోగా కాస్త పెరిగింది!

అదే 4,000ని ఇలా సర్దండి. స్టేట్‌మెంటు వచ్చాక వచ్చే అయిదు వాయిదాలూ 700 చొప్పున కట్టండి, 3,500 అవుతుంది. గడువు దాటాక 12 లోపు ఒక్కసారి 500 వేస్తే సరిపోతుంది. జేబులోంచి అదనంగా రూపాయి పోదు. అయిదోది కనీసం మూడు రోజులు ముందే వేయండి. బిల్లు పేమెంటు యాప్‌లో వేసిన డబ్బు కార్డు ఖాతాలో ఒక్కోసారి మర్నాటికో ఆ మర్నాటికో కనిపిస్తుంది. మినిమం అంకె ప్రతి నెలా మారుతుంది, పాత అంకె పట్టుకుని కూర్చోకండి. 1వ తేదీ మీ రాబడికి కుదరకపోతే బిల్లు తేదీని మార్చమని అడగండి. కనీసం ఒక్కసారైనా అలా మార్చుకునే వీలు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధనే ఉంది.

2022 ఏప్రిల్ 21న రిజర్వు బ్యాంకు క్రెడిట్ కార్డుల మీద ఇచ్చిన ఆదేశాల్లో మీకు పనికొచ్చేవి ఇంకా ఉన్నాయి. గడువు తర్వాత మూడు రోజులు దాటితేనే లేట్ ఫీజు వేయాలి, అప్పుల చరిత్ర నమోదు చేసే క్రెడిట్ సమాచార సంస్థలకు బాకీ పడ్డట్టు తెలపాలి. అంటే 920 లోటును 4వ తేదీలోపు పూడ్చి ఉంటే ఈ 1,298 తప్పేది. వడ్డీ మాత్రం ఆ మూడు రోజులూ నడుస్తుంది. లేట్ ఫీజు శ్లాబు, అంటే బాకీని బట్టి మారే ఫీజు అంచె, చూసేటప్పుడు గడువు నాటికి మిగిలిన బాకీనే లెక్కలోకి తీసుకోవాలి, మొదట్లో ఉన్న మొత్తం కాదు. కట్టని ఫీజులనూ పన్నులనూ అసలులో కలిపి మళ్లీ వాటిమీద వడ్డీ లాగకూడదు. మీ తర్వాతి స్టేట్‌మెంటులో ఆ 1,298 మీద వడ్డీ పడిందేమో చూడండి. పడితే అది ఫిర్యాదు చేయదగిన విషయమే.

ఇంకో ముఖ్య విషయం. మినిమం పూర్తిగా కట్టకుండా గడువు తేదీ నుంచి 90 రోజులు దాటితే కార్డు ఖాతా మొండి బకాయి కింద, అంటే ఎన్‌పీఏ కింద పడుతుంది. ‘ఏదో ఒకటి కడుతున్నాం కదా’ అన్నది అక్కడ చెల్లదు. మీ 920 తర్వాతి రెండు వాయిదాలతోనే తీరిపోయింది కాబట్టి మీకు ఆ భయం లేదు.

బాకీ ఉన్నంతకాలం ఆ కార్డు గీకకండి. పాత బాకీ మోస్తున్న కార్డుకు వడ్డీలేని గడువు వర్తించదు. దారం, బొత్తాలు కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. కట్టే దారి కూడా చూసుకోండి. కొన్ని యాప్‌లు కార్డు బిల్లుకు ప్లాట్‌ఫామ్ ఫీజు పట్టుకుంటున్నాయి. 500ను వారం ముందుగా కడితే జీఎస్టీతో కలిపి మీకు మిగిలేది 5 రూపాయల లోపే. ఫీజు అంతకన్నా ఎక్కువైతే వారానికి రెండుసార్లు కట్టడం నష్టమే. కార్డు ఇచ్చిన బ్యాంకు సొంత యాప్‌లోనో, నెట్ బ్యాంకింగ్‌లోనో కట్టండి.

ప్రతి చెల్లింపు లావాదేవీ నంబరూ దాచండి. అదే బ్యాంకులో మీకు వేరే లోను కూడా ఉంటే, దేనికి కడుతున్నారో రాతపూర్వకంగా చెప్పండి. కాంట్రాక్టు చట్టం, 1872లోని సెక్షన్ 59 ప్రకారం మీరు చెప్పిన బాకీకే జమ చేయాలి. చెప్పకపోతే సెక్షన్ 60 బ్యాంకుకు నచ్చిన బాకీకి వేసుకునే హక్కు ఇస్తుంది. రికవరీ మనిషి ఫోను నంబరుకు మాత్రం ఎప్పుడూ డబ్బు వేయకండి. అది బ్యాంకుకు చేరిందని నిరూపించే భారం మీ నెత్తినే పడుతుంది.

వడ్డీ సంగతి. 30 శాతానికి మించిన వడ్డీ అనుచితమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో తీర్పు ఇచ్చిన మాట నిజం. సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 20న దాన్ని కొట్టివేసింది. కాబట్టి ఏడాదికి 42 శాతం అనే ఒక్క కారణంతో కేసు నిలబడదు.

రికవరీ మనిషి విషయంలో మీ వాదన గట్టిది. బాకీ అడిగే ఫోన్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత చేయకూడదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో స్పష్టంగా చెప్పింది. బెదిరింపులు, నలుగురిలో పరువు తీయడం అసలే కుదరదు. కార్డు బాకీ సివిల్ వ్యవహారం, కట్టలేకపోవడం నేరం కాదు. ఇందులో మినహాయింపులు రెండు. మీరిచ్చిన చెక్కు బౌన్సయితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలోని సెక్షన్ 138 కింద, మీరు ఒప్పుకున్న ఆటో డెబిట్ డబ్బు లేక తిరిగిపోతే చెల్లింపు వ్యవస్థల చట్టం, 2007లోని సెక్షన్ 25 కింద క్రిమినల్ కేసు వేయవచ్చు. అందుకే ఖాళీ చెక్కు ఇవ్వకండి.

ముందు బ్యాంకుకు మెయిల్ పెట్టండి. తేదీ, సమయం, వచ్చిన మనిషి అన్న మాటలు రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, వచ్చినా తృప్తికరంగా లేకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు పరిష్కరించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్లో ఫిర్యాదు చేయవచ్చు. ఖర్చు లేదు, వివరాలకు 14448 నంబరు ఉంది. వినియోగదారుల కేసే వేయాలనుకుంటే, వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 34 ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు, కాబట్టి రాయగడ జిల్లా వినియోగదారుల కమిషన్ సరైన చోటు. పార్వతీపురం దగ్గరే కదా అని అక్కడికి వెళ్లకండి. రికార్డు చేసిన ఫోను సంభాషణ తెలుగులో ఉంటే దాన్ని ఇంగ్లీషులోనో ఒడియాలోనో రాయించి జతచేయాలి. దానికి భారతీయ సాక్ష్య అధినియమం, 2023లోని సెక్షన్ 63 కింద ఇచ్చే సర్టిఫికెట్ కూడా జతచేయడం మంచిది. మహిళగా మీకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి లేదా 15100కు ఫోన్ చేయండి. లేట్ ఫీజు ఒక్కదానికోసం మాత్రం కేసుకు పోవద్దు, ఓడిపోతారు.

చెన్నై లాయరు నోటీసు కోర్టు కాగితం కాదు. అయినా మౌనంగా ఉండకండి. కట్టిన వాయిదాల వివరాలతో రిజిస్టర్డ్ పోస్టులో జవాబు పంపండి. కోర్టు సమన్లు వస్తే అది వేరే సంగతి. సమ్మరీ దావాలో, అంటే పూర్తి విచారణ లేకుండా త్వరగా తేల్చే దావాలో, సమన్లు అందిన 10 రోజుల్లో హాజరు నమోదు చేసుకోవాలి. లేదంటే బ్యాంకుకు అనుకూలంగా డిక్రీ వచ్చేస్తుంది. లోక్ అదాలత్‌కు పిలిస్తే వెళ్లండి. అయితే కట్టలేని వాయిదాలకు సంతకం పెట్టకండి, ఆ రాజీకి అప్పీలు లేదు.

మీవారి పాత కార్డు దగ్గర పద్ధతి పూర్తిగా వేరు. బాకీ వసూలుకు దావా వేయడానికి గడువు మూడేళ్లు. కోవిడ్ కారణంగా 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా ఉన్న కాలాన్ని సుప్రీంకోర్టు లెక్కలోంచి తీసేసింది. అందువల్ల 2022 మార్చి 1 నుంచి లెక్కించాలి. మధ్యలో ఆయన డబ్బు కట్టడం గానీ, బాకీ ఒప్పుకుంటూ రాసివ్వడం గానీ చేయకపోతే 2025 ఫిబ్రవరి నెలాఖరుకు గడువు తీరిపోయింది. గడువు లోపల ఉన్న బాకీకి డబ్బు కట్టి, రాతపూర్వకంగా ఒప్పుకుంటే లిమిటేషన్ చట్టంలోని సెక్షన్ 19 కింద మూడేళ్లు మళ్లీ మొదటి నుంచి మొదలవుతాయి. తీరిపోయాక ఊరికే 500 వేస్తే గడువు బతకదు. కానీ ‘బాకీ చెల్లిస్తాను’ అని రాసి సంతకం పెడితే, కాంట్రాక్టు చట్టంలోని సెక్షన్ 25(3) ప్రకారం అది కొత్త ఒప్పందమే. వాళ్లకు కావలసింది 500 కాదు, ఆ సంతకం. పెట్టకండి.

గడువు తీరినంత మాత్రాన బాకీ లేనట్టు కాదు. క్రెడిట్ రిపోర్టులో మచ్చ ఉంటుంది, కొత్త లోను దొరకడం కష్టమవుతుంది. నిజంగా తీర్చాలనుకుంటే ఎంతకు ముగిస్తారో బ్యాంకు లెటర్‌హెడ్ మీద రాయించుకుని, అందులో ‘ఇకపై బాకీ ఏమీ లేదు’ అన్న మాట ఉందని చూసుకున్నాకే కట్టండి. ఆ కార్డుకు మీరు జామీను ఉండకపోతే మీ మీద ఏ బాధ్యతా లేదు. మిమ్మల్ని అడిగితే ఆ మాటే చెప్పండి.