పదిహేనేళ్లు నిండుతున్న కారుకు

అమ్మాయీ,

మీ నాన్న కారు ఆర్‌సీ ఫొటో చూశాను. ఏపీ 16 నంబరు, 2011 రిజిస్ట్రేషను. వచ్చే నెలాఖరుకు పదిహేనేళ్లు నిండుతాయి. "బాగానే నడుస్తోంది కదా పెదనాన్నా, ఏం తొందర?" అన్నావు. నడవడం వేరు, నడపడానికి అనుమతి ఉండడం వేరు. సొంత కారు రిజిస్ట్రేషను పదిహేనేళ్లకే. ఆ పైన రవాణా ఆఫీసులో బండిని చూపించి అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. గడువుకు అరవై రోజుల ముందు నుంచే దరఖాస్తు చేయవచ్చు, కాబట్టి ఇప్పుడే పెట్టు. గడువు దాటిన ఆర్‌సీతో బెంజి సర్కిల్లో ఎవరికైనా తగిలించావనుకో, జరిమానా మాట అటుంచు, బీమా వాళ్లకు సాకు దొరికినట్టే.

ఏజెంటు "అన్నీ నేను చూసుకుంటాను మేడమ్" అంటాడు. కాగితాలు అతనికే అప్పగిస్తానంటే నాకు అభ్యంతరం లేదు. బండి సంగతి మాత్రం నువ్వే చూసుకో. బ్రేక్ ఇన్‌స్పెక్టరు చూసేది దాన్నే.

ముందు చాసిస్ నంబరు, అంటే బండి చట్రం మీద కొట్టిన గుర్తింపు నంబరు. బానెట్ ఎత్తితే ఇంజన్ వెనక గోడ మీదో, ముందు సీటు దగ్గర కార్పెట్ కిందో ఉంటుంది. కంపెనీని బట్టి చోటు మారుతుంది. మీ సింగ్ నగర్ ఇంట్లో 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు సీట్ల దాకా వచ్చాయి కదా, అక్కడ తుప్పు పట్టి ఉంటుందని నా అనుమానం. కిరోసిన్‌లో ముంచిన గుడ్డతో తుడువు. గరుకు కాగితం మాత్రం పెట్టకు. అంకెలు అరిగాయంటే నంబరు చెరిపారేమోనని నిన్నే అడుగుతారు. పల్చటి తెల్లకాగితం పరిచి పెన్సిలును పక్కవాటుగా రుద్దితే పదిహేడు అక్షరాలూ అంకెలూ తేలాలి. ఆర్‌సీలో ఉన్నవాటితో ఒక్కొక్కటే సరిచూడు. ఆ ముద్ర దాచి ఉంచు, అడిగితే అక్కడ తడుముకోనక్కర్లేదు.

వరద తాలూకు రెండో బెడద దీపాలు. వెనక లైటు వెలగకపోతే బల్బు మార్చి ఊరుకోకు. కనెక్టరు ఊడదీసి చూడు, లోపల ఆకుపచ్చ చిలుము ఉంటే కొత్త బల్బు కూడా నాలుగు రోజులే. ఆటోనగర్‌లో కారు ఎలక్ట్రీషియన్ చేత శుభ్రం చేయించు. ఇండికేటర్లు, బ్రేకు లైటు, రివర్సు లైటు, హారను, వైపర్లు, హ్యాండ్ బ్రేకు అన్నీ ఇంటి దగ్గరే ఒకరిని వెనక నిలబెట్టి సరిచూసుకో.

టైరు గాళ్లలో అక్కడక్కడా చిన్న మిట్టలు ఉంటాయి. పైభాగం అరిగి వాటితో సమానమైతే 1.6 మిల్లీమీటర్లకు వచ్చినట్టు, ఇక ఆ టైరు పనికిరాదు. బయటి అంచు బాగుందని మురిసిపోకు, స్టీరింగు పూర్తిగా తిప్పి లోపలి అంచు చూడు. మీ నాన్న చక్రాల అలైన్‌మెంట్ చేయించిన పాపాన పోలేదు.

అద్దాలకు నల్ల ఫిలిం ఎవరు వేయించారో గానీ తీయించెయ్యి. ముందు, వెనక అద్దాల్లోంచి 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుగు రావాలి.

పొల్యూషన్ సర్టిఫికెట్ లేనిదే పని జరగదు. బండిని పావుగంట తిప్పి, ఇంజన్ వేడెక్కాక బంకు దగ్గరి పరీక్షకు పెట్టు. చల్లటి ఇంజన్‌తో వెళితే పొగ లెక్క ఎక్కువ చూపిస్తుంది. బీఎస్ అంటే బండి పొగకు పెట్టిన ప్రమాణం. బీఎస్-4 బండ్లకు సర్టిఫికెట్ ఏడాదికి ఇస్తారు. మీది బీఎస్-3 అని కాగితాల్లో ఉంటే ఆరు నెలలే, పక్కింటి వాళ్లకు ఏడాది ఇచ్చారని అక్కడ తగవు పెట్టుకోకు. ఓటీపీ ఆర్‌సీలో ఉన్న ఫోను నంబరుకు పోతుంది. మీ నాన్న ఆ సిమ్ము ఇంకా వాడుతున్నాడో లేదో కనుక్కో.

రిజిస్ట్రేషను పొడిగింపు రుసుము అయిదు వేలు, దానికి తోడు పాత బండ్ల మీద వేసే హరిత పన్ను. ఇరవై ఏళ్లు దాటితే రుసుమే పది వేలు, అప్పటికి ఈ కారు ఉంచాలా వదిలించుకోవాలా అన్నది మీ నాన్నతో తేల్చుకో. ముందు ఆ చాసిస్ ముద్ర తీసి ఫొటో పంపు, సరిగా రాకపోతే నేనే గుంటూరు నుంచి వస్తాను.

మీ పెదనాన్న