అమెరికాలో నల్లజాతి డ్రైవర్లను పోలీసులు ఎక్కువగా ఆపుతారన్నది నిజమేనా?

నిజమే. "నన్నూ ఆపారు, మర్యాదగానే మాట్లాడి పంపేశారు, మరి ఈ గోలంతా ఎందుకు?" అని ప్రశ్న కింద రాశారు. నా అనుభవమూ అదే. మిన్నెసోటాలో ఉంటాను. స్పీడ్‌కి ఆపి, లైసెన్సు చూసి, వార్నింగ్‌తో వదిలేశారు. కాకపోతే నేను ఆఫీసుకి ఒక నల్లజాతి కొలీగ్‌తో కార్‌పూల్ చేస్తాను. అతని కారులో కూర్చుంటే కథ వేరు.

అతను లైసెన్సు, ఇన్సూరెన్సు కాగితం గ్లవ్ బాక్సులో పెట్టడు. ఏసీ వెంట్‌కి క్లిప్పు పెట్టి, బయటికి కనబడేలా తగిలిస్తాడు. వాటికోసం వంగాల్సిన పని ఉండకూడదని. ఒక సాయంత్రం వెనక పోలీసు లైట్లు వెలగ్గానే పాటలు ఆపాడు, లోపలి లైటు వేశాడు, అద్దాలు దించి రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టాడు. నేను ఫోను తీయబోతే "వద్దు, చేతులు మోకాళ్ల మీద ఉంచు" అన్నాడు. నంబర్ ప్లేటు దగ్గర లైటు వెలగడం లేదట. ఆ తర్వాత అడిగినవాటికీ ఆ లైటుకీ ఏ సంబంధమూ లేదు. కారు ఎవరిది, ఎక్కడినుంచి వస్తున్నారు, ఆయుధాలేమైనా ఉన్నాయా. ఆఖరికి నన్ను కూడా, "ఇతను మీకెలా తెలుసు?" అని. టికెట్ రాయలేదు. కొడుక్కి డ్రైవింగ్ నేర్పేటప్పుడు పార్కింగ్ కంటే ముందు ఇదే నేర్పానని దారిలో చెప్పాడు.

ఇలా చిన్న సాకుతో ఆపి వేరే విషయం ఆరా తీయడం చట్టవిరుద్ధం కాదు. ట్రాఫిక్ ఉల్లంఘన నిజంగా ఉంటే చాలు, అసలు ఉద్దేశం ఏదైనా ఫర్వాలేదని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది. మా రాష్ట్రంలోనే 2016 జూలైలో ఫిలాండో కాస్టీల్ అనే నల్లజాతి డ్రైవర్ని ఆపి, బ్రేక్ లైటు పోయిందన్నారు. అంతకుముందు రేడియోలో ఆ పోలీసు చెప్పింది వేరు: దొంగతనం చేసినవాళ్లలా ఉన్నారు, ముక్కు వెడల్పుగా ఉంది అని. కాస్టీల్ స్కూలు క్యాంటీన్ సూపర్‌వైజర్. లైసెన్సున్న తుపాకీ తన దగ్గర ఉందని తనే చెప్పాడు. కొద్ది సెకన్లలో ఆ పోలీసు ఏడు తూటాలు పేల్చాడు, కాస్టీల్ చనిపోయాడు. వెనక సీట్లో నాలుగేళ్ల పాప ఉంది. అంతకుముందు అతన్ని కనీసం 46 సార్లు ఆపారు, ఎక్కువగా చిల్లర కారణాలకే. కాల్చిన పోలీసుని 2017లో జ్యూరీ నిర్దోషి అంది.

"వాళ్లలో నేరాలు ఎక్కువ కాబట్టే" అనే మాట మనవాళ్ల విందు పార్టీల్లో మామూలే. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు దాదాపు 10 కోట్ల ట్రాఫిక్ స్టాప్‌లు పరిశీలించారు. సాయంత్రం అదే గంటకి చీకటిగా ఉండే రోజుల్లో, అంటే డ్రైవర్ రంగు సరిగ్గా కనబడనప్పుడు, ఆపినవాళ్లలో నల్లవాళ్ల వాటా తగ్గింది. మిస్సోరీ రాష్ట్రంలోని ఫెర్గూసన్ ఊరి పోలీసులపై 2015లో అమెరికా న్యాయశాఖ ఇచ్చిన నివేదిక ప్రకారం నల్లవాళ్ల కార్లు రెట్టింపు సోదా చేశారు, నిషేధిత వస్తువులు దొరికింది మాత్రం తెల్లవాళ్లకంటే 26 శాతం తక్కువ.

మనకెందుకులే అంటారా, 2015లో అలబామాలో మనవణ్ణి చూసుకోవడానికి గుజరాత్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఫుట్‌పాత్ మీద నడుస్తుంటే, ఎవరో "సన్నటి నల్లవాడు తిరుగుతున్నాడు" అని ఫోన్ చేశారు. పోలీసు ఆయన్ని నేలకేసి కొడితే పక్షవాతం లాంటి స్థితిలో ఆసుపత్రి పాలయ్యాడు.

కొంత మార్పు వస్తోంది. వర్జీనియాలో 2021 నుంచి నంబర్ ప్లేటు లైటు లాంటి కారణం ఒక్కదానికే కారు ఆపడానికి వీల్లేదు. మా దగ్గర కూడా అలాంటి చట్టం రావాలనేది నా అభిప్రాయం.