హాల్లో కారవాజ్జో లాంటివాళ్ళ చిత్రాలు పెడితే ఇల్లు చీకటిగా ఉంటుందా? మా ఇంట్లో ఏం జరిగిందంటే

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: కొత్త ఫ్లాట్‌లో హాలుకీ, భోజనాల గదికీ బరోక్ కాలం నాటి, అంటే పదిహేడో శతాబ్దపు యూరప్ వాళ్ళు వేసిన బైబిల్ చిత్రాల ప్రింట్లు పెట్టుకోవాలనుంది, కానీ ఇల్లు చీకటి కొట్టంలా తయారవుతుందేమో, వచ్చినవాళ్ళు ఇది ఇల్లా చర్చా అంటారేమో అని సందేహం. రెండూ జరుగుతాయి. నేను ఆరేళ్ళుగా ఈ పిచ్చిలో ఉన్నాను, ఏడు ప్రింట్లు వేయిస్తే ఇప్పుడు గోడ మీద మిగిలినవి మూడే. మిగతా నాలుగు అటక మీద ఉన్నాయి. వాటి గురించే ముందు చెప్తాను, మీ డబ్బులు మిగులుతాయి.

మాది గుంటూరు వైపు కథోలిక కుటుంబం. ఇంట్లో యేసు తిరుహృదయం పటం, దాని కింద ఎర్ర జీరో బల్బు చూస్తూ పెరిగాను. నిజానికి ఆ పటమే రోమ్ నుంచి వచ్చింది. 1767లో పొంపియో బతోని అనే ఆయన రాగిరేకు మీద వేసిన చిత్రం అక్కడి జేసు చర్చిలో ఉంది, మన క్యాలెండర్ల మీదా పటాల మీదా కనిపించే తిరుహృదయాల్లో చాలావరకు దానికి మనవలూ మునిమనవలే. కాబట్టి ఇలాంటి చిత్రం ఇంట్లో పెట్టుకోవడం మనకేం కొత్త కాదు, మనకి తెలిసినవాటిలో కొన్నిటికి చీకటి లేదు, అంతే తేడా.

మొదటి తప్పు ఇటలీ చిత్రకారుడు కారవాజ్జో వేసిన 'మత్తయికి పిలుపు', యేసు మత్తయిని తన శిష్యుడిగా రమ్మని పిలిచే ఘట్టం. సుంకం వసూలు చేసే గదిలో మత్తయి, పక్కన డబ్బు లెక్కపెట్టేవాళ్ళు, కుడివైపు నుంచి ప్రభువు చెయ్యి చాపి చూపిస్తుంటాడు, ఆ చేతి మీదుగా వెలుతురు పడుతుంది. నాకు ప్రాణం ఆ చిత్రమంటే. అసలుది మూడు మీటర్ల ఇరవై సెంటీమీటర్ల పైన ఎత్తు, వెడల్పు ఇంకాస్త ఎక్కువ, అంటే దాదాపు చదరం. నేనేమో సోఫా మీద సరిపోతుంది కదా అని 36 అంగుళాల వెడల్పు, 24 అంగుళాల ఎత్తు కావాలని ఆర్డర్ పెట్టాను. షాపువాళ్ళు ఒక్క మాట కూడా అడగకుండా పైన కోసేశారు, చిత్రంలో ఉన్న కిటికీ మొత్తం పోయింది. అది చాలదన్నట్టు కాన్వాస్‌ని చెక్క ఫ్రేము చుట్టూ మడిచి మేకులు కొడతారు కదా, ఆ మడతలోకి అన్నివైపులా ఒకటిన్నర అంగుళం పోయింది, కుడివైపు చివర నిలబడ్డ ప్రభువు భుజం గోడ పక్కకి తిరిగింది. నీడలున్న చోటంతా తారు పూసినట్టు వచ్చింది. మా ఆవిడ చూసి, "డబ్బిచ్చి నల్లగుడ్డ కొనుక్కొచ్చావా" అంది. రెండేళ్ళు మొండిగా ఉంచాను గానీ, దాని వంక ఎవరూ చూసేవాళ్ళు కాదు, నాతో సహా.

తర్వాత ఒకసారి ఆఫీసు పని మీద ఇటలీ వెళ్ళినప్పుడు రోమ్‌లో శాన్ లుయిజీ దెయ్ ఫ్రాంచేజీ చర్చికి పోయి అసలుది చూశాను. చిన్న పక్క గుడి, లోపల మసక. అక్కడో డబ్బా ఉంది, నాణెం వేస్తే లైట్లు వెలుగుతాయి, కాసేపటికి టక్కున ఆరిపోతాయి, అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని మళ్ళీ ఎవరో జేబు తడుముకుంటారు. లైటు ఆరిన ఆ నిమిషంలోనే నాకు విషయం అర్థమైంది. ఆ గుడిలో నిజమైన కిటికీ బలిపీఠం పైన ఉంది, ఈ చిత్రం ఎడమ గోడకి ఉంది, చిత్రంలో వెలుతురూ ఆ కిటికీ వైపు నుంచే వస్తుంది. ఎదురుగా కుడి గోడకున్న 'మత్తయి హతసాక్షి మరణం'లో వెలుతురు అటునుంచి, అంటే ఎడమ నుంచి. 1599, 1600 ప్రాంతంలో ఆ గోడల కోసమే కొలిచి వేసినవి అవి. దాన్ని నేను మూడడుగులకి కుదించి, ట్యూబ్‌లైటు కింద, కిటికీకి రివర్సులో వేలాడదీశాను.

అందుకే నేను చెప్పేది ఒక్కటే: చిత్రం పేరు చూసి కాదు, అసలు సైజు చూసి ఎంచుకోండి. బలిపీఠం కోసం వేసిన పెద్ద చిత్రాలు మన పది బై పన్నెండు గదుల్లో ఇమడవు. ఆ కాలంలోనే మనిషి ఎత్తుకి, గది గోడకి సరిపడేలా వేసినవి బోలెడున్నాయి. వాటిని అసలు సైజులోనో, దానికి దగ్గరగానో వేయించొచ్చు.

మా భోజనాల గదిలో ఉన్నది అలాంటిదే. స్పెయిన్ చిత్రకారుడు సుర్బరాన్ వేసిన 'దేవుని గొర్రెపిల్ల' (బైబిల్లో యేసుకే ఆ పేరు), 1635-40 మధ్యది, మాడ్రిడ్‌లో ప్రాదో మ్యూజియంలో ఉంది. అసలుదే 37 బై 62 సెంటీమీటర్లు, అంటే నేను ఒక్క అంగుళం కూడా తగ్గించకుండా అచ్చంగా వేయించుకోగలిగాను. బూడిదరంగు అరుగు మీద నాలుగు కాళ్ళూ కట్టేసిన గొర్రెపిల్ల, వెనకంతా నలుపు, అంతే. సిలువ లేదు, రక్తం లేదు. ఆ ఉన్ని మీద ముడతలు, బొచ్చులో మురికి కూడా కనిపిస్తాయి. ఎదురింటి పిల్లాడు చూసి "అంకుల్, ఆదివారం మటనా?" అన్నాడు. నవ్వొచ్చింది గానీ వాడన్నదాంట్లో తప్పేం లేదు, చిత్రకారుడు కూడా అక్కడినుంచే మొదలుపెట్టి ఉంటాడు.

హాల్లో ఉన్నది ఫ్రాన్స్ చిత్రకారుడు జార్జ్ ద లా తూర్ వేసిన 'వడ్రంగి పునీత జోజప్ప', అంటే యేసుని పెంచిన యోసేపు. 1642 ప్రాంతానిది, పారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఉంది, 137 బై 102 సెంటీమీటర్లు. నేను 40 బై 30 అంగుళాల్లో వేయించాను, నిష్పత్తి దాదాపు సరిపోయింది. రాత్రిపూట జోజప్ప వంగి చెక్కకి బరమాతో బెజ్జం వేస్తుంటాడు, బాలయేసు కొవ్వొత్తి పట్టుకుని గాలికి ఆరిపోకుండా అరచెయ్యి అడ్డం పెడతాడు, ఆ వేళ్ళ సందుల్లోంచి కాదు, వేళ్ళలోంచే వెలుతురు ఎర్రగా వస్తుంది. టార్చిలైటు మీద చెయ్యి పెట్టి ఆడుకున్న పిల్లలందరికీ తెలిసిన ఎరుపు అది. మా నాన్న నలభై ఏళ్ళు వడ్రంగం చేశాడు. చిత్రాల సంగతి ఆయనకి పట్టదు. దీని ముందు మాత్రం కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు నిలబడి, "బరమా పట్టుకోవడం చూశావా, బరువంతా పైనుంచి వేస్తున్నాడు. పని చూసినోడే వేశాడ్రా ఈ బొమ్మ" అన్నాడు. ఇంక మత్తయి అటకెక్కాడు.

మూడోది డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ వేసిన 'తప్పిపోయిన కుమారుడు', ఇల్లు విడిచిపోయిన కొడుకు తిరిగొస్తే తండ్రి అక్కున చేర్చుకునే బైబిల్ కథ. పూర్తి చిత్రం రెండున్నర మీటర్ల పైనే, అందుకే మొత్తం వేయించలేదు. తండ్రి రెండు చేతులు, కొడుకు వీపు, అరిగిపోయిన చెప్పులు ఉన్న భాగం వరకే తీసుకుని పడగ్గది బయట పెట్టాను. కళాభిమానులు తిడతారేమో, తిట్టనివ్వండి.

పెట్టకూడనివి కూడా చెప్పాలి. ఇటలీ చిత్రకారిణి ఆర్టెమీసియా జెంటిలెస్కి వేసిన యూదితు చిత్రం, యూదితు అనే ఆవిడ శత్రు సేనాని హోలోఫెర్నెసు తల నరికేది, గొప్ప చిత్రమే, నేను ఉత్సాహంగా డైనింగ్ టేబుల్ ఎదురుగా పెట్టాను. నాలుగు రోజులు. "అన్నం తినే చోట ఆ నెత్తురేంటి నాయనా" అని మా అత్తగారు కుర్చీ తిప్పుకుని కూర్చున్నారు.

ఇంక చర్చిలా ఉంటుందా అన్నదానికి: ఒక గదికి ఒకటే పెట్టండి, చుట్టూ బంగారు పూత చెక్కుడు ఫ్రేములు వద్దు, సన్నటి చెక్క బీడింగ్ చాలు. అయినా మీరు దాన్ని అలంకరణ అనుకుంటారు, ఇంట్లో పెద్దవాళ్ళు అనుకోరు. జోజప్ప పటం వచ్చిన వారానికే మా అమ్మ కింద స్టూలు వేసి కొవ్వొత్తి వెలిగించింది, పైన మల్లెదండ కూడా వేసింది. కాన్వాస్ మీద తడి మరక దిగింది, కింది అంచున మసి పట్టింది. పోట్లాడి ప్రయోజనం లేదు. పక్కనే గూట్లో చిన్న పటం పెట్టి కొవ్వొత్తి అక్కడికి మార్చాం. మా ప్రొటెస్టెంట్ బంధువులు కొందరు వచ్చినప్పుడు మొహం అదోలా పెడతారు, రెంబ్రాంట్ కూడా ప్రొటెస్టెంట్ దేశం వాడేనండీ అని చెప్పి టీ ఇస్తాను.

ప్రింటు సంగతి. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం, వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీ, ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియం తమ పాత చిత్రాల్లో చాలావాటిని పెద్ద సైజులో ఉచితంగా దించుకోనిస్తాయి. మొదటి రెండు చోట్లా లా తూర్ వేసిన మగ్దలేనా మరియలు ఉన్నారు, కొవ్వొత్తి వెలుతురు ఇష్టమైతే అక్కడ మొదలుపెట్టండి. 40 అంగుళాల ప్రింటుకి పొడవు వైపు కనీసం 6,000 పిక్సెళ్ళు ఉండాలి. ఫ్లెక్సీ షాపుకి మాత్రం వెళ్ళొద్దు. కాన్వాస్ గానీ మ్యాట్ కాగితం గానీ తీసుకోండి, గాజు బిగిస్తే చీకటి చిత్రం అద్దమైపోతుంది, మీ టీవీ, మీ ఫ్యాను, మీరు కనిపిస్తారు. ఫోన్లో కనిపించే నీడలు కాగితం మీద పూడిపోతాయి, అందుకని ముందు ఏ4 ముక్క వేయించి, మీ గోడ దగ్గర పెట్టి చూసి, నీడలు కాస్త తేలిక చేయించండి. అంచు మడతకి అసలు చిత్రం వాడొద్దు, విడిగా నలుపు వదలమని గట్టిగా చెప్పండి.

తెల్లటి ట్యూబ్‌లైటు కింద గోధుమరంగులన్నీ బూడిదలా కనిపిస్తాయి. పసుపు వెలుతురు ఇచ్చే 2,700 లేదా 3,000 కెల్విన్ ఎల్ఈడీ, రంగుల నాణ్యత సూచీ (పెట్టె మీద సీఆర్ఐ అని ఉంటుంది) 90 పైన ఉన్నది, ఒక్కటి వేస్తే మనుషుల చర్మానికి ప్రాణం వస్తుంది. పాలతెలుపు గోడ మీద నల్లటి చిత్రం బొక్క పెట్టినట్టుంటుంది, ఆ ఒక్క గోడకి ఇటుక రంగో మట్టి రంగో వేయించండి. చెమ్మ వచ్చే గోడైతే ఫ్రేము వెనక నాలుగు మూలలా రబ్బరు బిళ్ళలు అంటించి గాలి ఆడనివ్వండి, మా ఊళ్ళో ఒకటి ఒక్క వానాకాలానికే బూజు పట్టింది.

మీ హాల్లో కిటికీ ఏ వైపు ఉందో, ఏ గోడ ఖాళీగా ఉందో రాయండి. కిటికీ ఎడమవైపు ఉంటే వెలుతురు ఎడమనుంచి వచ్చే చిత్రాలు ఏవి బాగుంటాయో చూసి చెప్తాను.